అక్వేరియంలో పాచి తినే చేపలు: కొనే ముందు వేసుకోవలసిన లెక్క

కొత్త అక్వేరియం ఇంటికి వచ్చిన ఆరేడు వారాలకు గాజు గోడల మీద గోధుమరంగు పొడి లాంటి పూత కనిపిస్తుంది. వేలితో తుడిస్తే పోతుంది. నాలుగు రోజుల్లో మళ్లీ వస్తుంది. ఇంకొన్నాళ్లకు ఆకుపచ్చ చుక్కలు, ఆ తర్వాత మొక్కల ఆకుల అంచులకు వేలాడే పోగులు మొదలవుతాయి. దుకాణానికి వెళ్లి అడిగితే దాదాపు ఖాయంగా వచ్చే జవాబు ఒకటే: "ఒక సక్కర్ ఫిష్ వేసుకోండి, మొత్తం క్లీన్ చేసేస్తుంది." చిటికెన వేలంత పొడవున్న ఒక నల్లటి చేప పిల్ల ప్లాస్టిక్ సంచిలో ఇంటికి చేరుతుంది. ఇచ్చిన ధర కూడా ఏమంత ఎక్కువ కాదు.

ఆ చేప నిజంగానే పాచి తింటుంది. మొదటి నెల అద్దం మెరుస్తుంది కూడా. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఆ పిల్ల పెరిగి ఎంతవుతుంది, పాచి అయిపోయాక ఏం తింటుంది, పక్కనున్న గోల్డ్‌ఫిష్‌తో ఎలా ఉంటుంది, ట్యాంక్‌లో పట్టనప్పుడు దాన్ని ఏం చేస్తారు అనే ప్రశ్నలు కొనేటప్పుడు ఎవరికీ తోచవు. చివరి ప్రశ్నకు చాలా ఇళ్లలో దొరికిన జవాబు దగ్గరలోని చెరువు. ఆ జవాబుకు దేశంలోని నదులు, చేపల చెరువులు ఇప్పుడు మూల్యం చెల్లిస్తున్నాయి.

పాచికి మేత వేసేది మనమే

పాచి, నాచు, పాకుడు అని మనం రకరకాలుగా పిలిచే వాటిలో ఎక్కువ భాగాన్ని జీవశాస్త్రంలో శైవలాలు అంటారు. మొక్కల్లాగే ఇవీ వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటాయి. వీటికి వెలుతురు, కార్బన్, నత్రజని, భాస్వరం కావాలి. వెలుతురు ట్యాంక్ మీది దీపం ఇస్తుంది. కార్బన్ గాలి నుంచీ, చేపల శ్వాస నుంచీ వస్తుంది. నత్రజని, భాస్వరాలను మాత్రం మనం రోజూ డబ్బాలోంచి తీసి మన చేత్తోనే వేస్తాం. చేపల మేత రూపంలో.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. మామూలు చేపల మేతలో సుమారు 40 శాతం ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్ బరువులో సుమారు 16 శాతం నత్రజని. అంటే ఒక గ్రాము మేతలో దాదాపు 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంది. అందులో కొంత చేప ఒంటికి పడుతుంది. మిగిలినది, ముప్పాతిక వంతు దాకా అనుకుందాం, మొప్పల ద్వారా అమ్మోనియాగా, కొంత మలంగా నీటిలోకి వస్తుంది. ఫిల్టర్‌లోని స్పాంజ్ మీద, అడుగు ఇసుకలో స్థిరపడిన బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ చేపలకు విషం. నైట్రేట్ అంత ప్రమాదం కాదు కానీ పాచికి విందు. ఈ దారిలో లెక్కిస్తే ఒక గ్రాము మేత నుంచి సుమారు 200 మిల్లీగ్రాముల నైట్రేట్ తయారవుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ట్యాంక్ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుల దాకా నింపితే 56 లీటర్లు. ఇసుక, రాళ్లు పోగా నీళ్లు 50 లీటర్ల లోపే. అంటే రోజుకు ఒక గ్రాము మేత వేస్తే లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున, వారానికి 28 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతుంది. వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తున్నా సరే, కొన్ని నెలల్లో అది లీటరుకు 112 మిల్లీగ్రాముల దగ్గర నిలదొక్కుకుంటుంది. ఎందుకంటే ప్రతి వారం తీసే పావు వంతు, ఆ వారం చేరిన 28కి సమానం కావాలంటే మొత్తం దానికి నాలుగింతలు ఉండాలి. మేతను పావు గ్రాముకు తగ్గిస్తే ఇదే లెక్కలో అది 28 దగ్గర ఆగుతుంది. మొక్కలు, పాచి కొంత పీల్చుకుంటాయి కాబట్టి నిజం అంకెలు తక్కువే ఉండవచ్చు. కానీ లెక్క ఎటు మొగ్గుతుందో తెలియడానికి ఇది చాలు. మేత తగ్గించడం, నీళ్లు మార్చడం రెండూ పాచి మీద నేరుగా పనిచేసే మీటలు.

తెలుగు రాష్ట్రాల్లో ఇక్కడొక మెలిక ఉంది. చాలా ఇళ్లలో అక్వేరియానికి వాడేది బోరు నీరు. భూగర్భజలాల్లో నైట్రేట్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. మార్చే నీటిలోనే అంత నైట్రేట్ ఉంటే, ఎన్నిసార్లు మార్చినా ట్యాంక్ అంతకంటే కిందికి దిగదు. పాచి ఎందుకు పోవడం లేదని తల పట్టుకునే ముందు, పరీక్ష కిట్‌తో ఒకసారి ట్యాంక్ నీటినీ, ఒకసారి కుళాయి నీటినీ చూసుకోవడం మేలు.

ఇప్పుడు పాచి తినే చేపను ఈ లెక్కలోకి తెద్దాం. అది అద్దం మీది పాచిని తింటుంది. అందులో కొంత ఒంటికి పట్టించుకుని మిగతాది మళ్లీ నీటిలోకే వదులుతుంది. నత్రజని, భాస్వరం ట్యాంక్ దాటి పోలేదు, చోటు మాత్రం మారాయి. అదే పాచిని బ్లేడుతో గీకి, తేలిన ముక్కలను పైపుతో లాగి పారబోస్తే అవి నిజంగా బయటికి పోతాయి. చేప అద్దాన్ని శుభ్రం చేస్తుంది, నీటిని కాదు.

ఏ పాచికి ఏ నోరు

పాచి అంతా ఒకటే అనుకోవడం రెండో పొరపాటు. కొత్త ట్యాంక్‌లో వచ్చే గోధుమరంగు పొడి డయాటమ్‌లది. ఇవి సిలికాతో చేసుకున్న సూక్ష్మమైన పెంకుల్లో బతికే ఏకకణ జీవులు. కుళాయి నీటిలోని, కొత్త ఇసుకలోని సిలికేట్ వీటికి ఆధారం. మెత్తగా ఉంటాయి, పాచి తినే చేపలన్నీ వీటిని ఇష్టంగా తింటాయి. చాలా ట్యాంకుల్లో కొన్ని నెలలకు తమంతట తామే తగ్గిపోతాయి కూడా.

అద్దానికి గట్టిగా అంటుకునే చిన్న ఆకుపచ్చ చుక్కలది వేరే కథ. వాటిని చాలా చేపల నోళ్లు పెకలించలేవు. నెరైట్ నత్తలు కొంత గీకుతాయి, మిగిలినవి బ్లేడుకే లొంగుతాయి. ఆకుల అంచుల్లో, ఫిల్టర్ గొట్టం మీద నల్లటి కుచ్చుల్లా పెరిగేది నిజానికి ఎర్ర శైవలాల కుటుంబానికి చెందినది. దాన్ని తినే చేపలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

రాళ్ల మీద, ఇసుక మీద నీలిఛాయ గల ఆకుపచ్చ దుప్పటిలా పరుచుకుని, లాగితే పొరలా ఊడివచ్చి, ముక్కుకు నీచు వాసన తగిలే పదార్థం ఇంకొకటుంది. అది అసలు శైవలమే కాదు, సయనోబ్యాక్టీరియా. చేపలు దాని జోలికి పోవు. ఇక నీళ్లే పచ్చగా మారితే, ఆ పచ్చదనం నీటిలో తేలే ఏకకణ శైవలాలది. గీకే నోరున్న ఏ చేపా దాన్ని పట్టలేదు. ఈ రెండింటికీ సక్కర్ ఫిష్ కొనడం దోమల కోసం పిల్లిని పెంచడం లాంటిది.

అతుక్కుని ఊపిరి పీల్చడం

పాచి తినే చేపల్లో చూడముచ్చటైన విషయం వాటి నోరు. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన లోరికారిడ్ కుటుంబపు క్యాట్‌ఫిష్‌లన్నిటికీ నోరు తల అడుగున, గుండ్రటి పెదవుల గిన్నెలా ఉంటుంది. ఆ గిన్నెను రాయికి ఆన్చి లోపలి పరిమాణాన్ని పెంచితే లోపల పీడనం తగ్గుతుంది. బయటి నీటి పీడనం చేపను రాయికి అదిమిపెడుతుంది. గోడకు అతికించే రబ్బరు కొక్కెం చేసే పనే ఇది.

అయితే చేప ఊపిరి తీసుకోవాలంటే నోటిలోకి నీళ్లు రావాలి. నీళ్లు వస్తే పీడనం పెరిగి పట్టు జారాలి. ఈ చిక్కుకు పరిణామక్రమం రెండు చోట్ల రెండు రకాల పరిష్కారాలు కనిపెట్టింది. లోరికారిడ్ చేపల్లో పెదవుల పక్కనున్న మీసాల వెనక సన్నటి కాలువలున్నాయి. నీరు వాటిలోంచి లోపలికి జారుతుంది, మిగతా పెదవి పట్టు వదలదు. ఆగ్నేయాసియాకు చెందిన జైరినోకైలస్ చేపలు మరో దారి పట్టాయి. వాటికి మొప్ప మీద అదనంగా ఇంకో రంధ్రం ఉంది. పై రంధ్రంలోంచి నీరు పీల్చి కింది రంధ్రంలోంచి వదులుతాయి. నోటితో పని లేకుండానే శ్వాస సాగుతుంది.

ఈ చేపల ఒళ్లు అడుగున చదునుగా ఉండటానికీ కారణముంది. పారే నీటిలో రాతిని ఆనుకుని ఉన్న పలుచటి పొర దాదాపు కదలకుండా ఉంటుంది. ఆ పొరలో ఎంత అణిగి ఉంటే ప్రవాహం తోపు అంత తక్కువ. వాటి కంటిలోనూ ఒక ఏర్పాటు ఉంది. వెలుతురు పెరిగినప్పుడు కంటిపాప పైనుంచి ఒక రేకు దిగి, నల్లగుడ్డు గుర్రపు నాడా ఆకారంలోకి మారుతుంది. రాత్రి సంచరించే చేపకు పగటి వెలుగు నుంచి అదే తెర. దీపం వెలిగించిన ట్యాంక్‌లో సక్కర్ ఫిష్ కంటిని దగ్గరగా చూస్తే ఇది కనబడుతుంది.

దుకాణంలో కనిపించేవి

సక్కర్ పేరుతో అమ్మే చేపల్లో ఎక్కువ భాగం టెరిగోప్లిక్తిస్ ప్రజాతివి. ప్లెకో అని కూడా అంటారు. పిల్లగా 5 సెంటీమీటర్లుండే ఈ చేప పెద్దయ్యాక 40 సెంటీమీటర్లకు చేరుతుంది. పొడవు ఎనిమిది రెట్లు పెరిగిందంటే బరువు ఎనిమిది రెట్లు పెరిగినట్టు కాదు. ఆకారం మారకపోతే బరువు పొడవుకు ఘనంగా పెరుగుతుంది: ఎనిమిది ఘనం, అంటే 512 రెట్లు. ఒకటిన్నర గ్రాముల పిల్ల ముప్పావు కిలోకు చేరుతుంది. ఆ చేప రోజుకు తన బరువులో ఒక శాతం తిన్నా ఏడు గ్రాములు దాటుతుంది. పైన వేసిన లెక్క ప్రకారం రెండడుగుల ట్యాంక్‌లో అది రోజుకు లీటరుకు దాదాపు 30 మిల్లీగ్రాముల నైట్రేట్. పాచి తగ్గించడానికి తెచ్చిన చేపే పాచికి అతి పెద్ద ఎరువుల కర్మాగారమవుతుంది. "ట్యాంక్‌ను బట్టే చేప పెరుగుతుంది" అన్న మాట దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. ఇరుకు ట్యాంక్‌లో పెరుగుదల మందగించడం నిజమే, అది ఆ చేప ఆరోగ్యం కుదేలైన గుర్తు.

ఇంటి ట్యాంక్‌కు దీనికంటే తగిన బంధువు బ్రిసిల్‌నోజ్. శాస్త్రీయంగా ఆన్‌సిస్ట్రస్ ప్రజాతి. 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మగవాటి ముక్కు మీద కొమ్మల్లాంటి మెత్తటి ముళ్లు మొలుస్తాయి. రెండున్నర, మూడడుగుల ట్యాంక్‌లో ఒక్కటి చాలు. దాక్కోవడానికి ఓ గుహ, గీకడానికి నానిన కొయ్య మొద్దు ఇస్తే నిక్షేపంగా ఏళ్ల తరబడి బతుకుతుంది. ఒకే ట్యాంక్‌లో రెండు మగవాటిని వేస్తే గుహ కోసం కొట్టుకుంటాయి.

చైనీస్ ఆల్గే ఈటర్ అని బంగారు రంగులో అమ్మేది జైరినోకైలస్ ఐమోనియెరి. పేరులో చైనా ఉన్నా దాని సొంత ఊరు థాయ్‌లాండ్, మెకాంగ్ నదీ ప్రాంతం. పిల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పాచి తింటుంది. పెద్దదయ్యేకొద్దీ పాచి మీద ఆసక్తి తగ్గి, తనదనుకున్న చోటు నుంచి ఇతర చేపలను తరుముతుంది. ఏంజెల్ ఫిష్, గోల్డ్‌ఫిష్ లాంటి వెడల్పాటి, నిదానపు చేపల ఒంటికి అతుక్కుని పైనున్న జిగురు పొరను గీకుతుంది. ఆ జిగురు చేపకు చర్మ రక్షణ. అది పోయిన చోట పుండ్లు పడతాయి. పాతిక సెంటీమీటర్లు పెరిగే ఈ చేపకు రకరకాల చేపలు కలిసి బతికే ఇంటి ట్యాంక్‌లో చోటు లేదు. అందంగా ఉంటుంది కాబట్టే అమ్ముడవుతుంది.

నల్ల కుచ్చుల పాచిని నిజంగా తినే చేపగా పేరున్నది సయామీస్ ఆల్గే ఈటర్. ఇది క్రాసోకైలస్ ప్రజాతికి చెందినది. కొనేటప్పుడు పోలికల్లో మోసపోయే అవకాశం ఎక్కువ. దీని ఒంటి మీది నల్లటి చార అంచులు రంపపు పళ్లలా కాస్త చెదిరి ఉంటుంది, తోక రెక్క చివరిదాకా సాగుతుంది. దీనిలాగే కనిపించే ఫ్లయింగ్ ఫాక్స్‌కు చార అంచు గీత గీసినట్టు ఉంటుంది, దాని పైన బంగారు రంగు పట్టీ ఉంటుంది. ఫ్లయింగ్ ఫాక్స్ నల్ల పాచిని అంతగా పట్టించుకోదు, పైగా పెద్దయ్యాక పోట్లాట మనిషి. అసలైన సయామీస్ చేప కూడా 15 సెంటీమీటర్లకు పెరుగుతుంది, ఊరికే ఒక చోట ఉండదు. మూడడుగులకు తక్కువైన ట్యాంక్ దానికి జైలే. ఇంకో సంగతి, గుళికల మేత దండిగా దొరికితే పాచిని మానేసి వాటికే అలవాటు పడుతుంది.

ఒటోసింక్లస్, ముద్దుగా ఒటో, వీటన్నిటిలోకీ చిన్నది. నాలుగు సెంటీమీటర్లు మించదు. డయాటమ్‌లను, మెత్తటి ఆకుపచ్చ పాచిని ఆకులు చిరగకుండా తింటుంది, ఎవరి జోలికీ పోదు. రెండడుగుల ట్యాంక్‌కు చేపల్లో ఇదే సరైనది అనిపిస్తుంది. అయినా ఎక్కువగా చచ్చిపోయేదీ ఇదే. దుకాణాలకు వచ్చే ఒటోల్లో చాలా భాగం దక్షిణ అమెరికా నదుల్లో పట్టి తెచ్చినవి. పట్టిన రోజు నుంచి మన ఇంటికి చేరేదాకా వారాల తరబడి సరైన తిండి లేకుండా ప్రయాణిస్తాయి. అప్పటికే చిక్కిపోయిన చేపను మూడు వారాల కిందట పెట్టిన కొత్త ట్యాంక్‌లో వేస్తే, పాచి పొర ఇంకా సరిగ్గా ఏర్పడని అద్దాల మధ్య అది ఆకలితో పోతుంది. దుకాణంలో చూడవలసింది దాని పొట్ట. అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట గుండ్రంగా ఉండాలి, లోపలికి పీక్కుపోయి ఉంటే తీసుకోకూడదు. ట్యాంక్ కనీసం రెండు మూడు నెలల పాతదై ఉండాలి. గుంపు చేప కాబట్టి ఒక్కదాన్ని కాకుండా కనీసం నాలుగైదింటిని కలిపి తెచ్చుకోవాలి.

మన నదుల్లోనూ ఈ పని చేసే చేపలున్నాయి. గర్రా ప్రజాతికి చెందిన చేపలు ద్వీపకల్ప భారత నదుల్లో, రాళ్ల మీద నీరు దూకే చోట్ల పాచి గీకుతూ బతుకుతాయి. షాపింగ్ మాల్స్‌లో కాళ్లు పెట్టించుకుని చర్మం కొరికే చేప కూడా ఈ ప్రజాతిదే, పశ్చిమాసియాకు చెందిన గర్రా రూఫా. ఇవన్నీ వేగంగా పారే, ఆక్సిజన్ నిండిన నీటికి అలవాటు పడినవి. నిలవ నీటి ట్యాంక్‌లో, అదీ మన ఎండాకాలంలో, కష్టపడతాయి. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 32 డిగ్రీలకు అది 7.3కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. దీపం ఆరాక పాచి, మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చడం మొదలుపెడతాయి. మే నెల తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం వెనక ఈ మూడూ కలిసి ఉంటాయి. ఎయిర్ పంపును రాత్రి ఆపడం, చప్పుడు నిద్ర చెడగొడుతోందని చాలా ఇళ్లలో చేసే పనే, ఆ వేళ అతి ప్రమాదకరం.

చేప కాని పనివాళ్లనూ మరిచిపోకూడదు. నెరైట్ నత్తలు మంచినీటిలో గుడ్లు పెడతాయి కానీ వాటి పిల్లలు బతకాలంటే ఉప్పునీటి ఛాయ ఉండాలి. అందువల్ల ట్యాంక్ నిండా నత్తలై పోయే బెడద ఉండదు. చెర్రీ రొయ్యలు పోగుల పాచిని, మిగిలిన మేతను ఏరుకు తింటాయి. రాగి కలిసిన చేపల మందులు వాడితే మాత్రం ఈ రెండూ చచ్చిపోతాయి. గప్పీల బంధువులైన మాలీలు కూడా పూటంతా అద్దాన్ని, ఆకులను పొడుచుకు తింటూనే ఉంటాయి, వాటికి ఆ కీర్తి దక్కలేదు అంతే. 50 లీటర్ల ట్యాంక్ ఉన్న ఇంటికి నాలుగైదు నెరైట్‌లు, కొన్ని మాలీలు, వారానికోసారి గాజు గీకే చెయ్యి చాలు. సక్కర్ ఫిష్ అవసరం అసలు రాదు.

పాచి అయిపోయాక

ట్యాంక్‌లో మిగతా చేపలకు రోజూ మేత పడుతుంది. పాచి తినే చేపకు మాత్రం "అదే ఏదో తింటుందిలే" అని వదిలేస్తారు. నెల రోజుల్లో అద్దం శుభ్రమైపోతే దాని కంచం ఖాళీ అయినట్టే. ఆ దశలో అది మొక్కల ఆకులు చిల్లులు చేయడం, రాత్రిళ్లు నిద్రపోయే చేపల ఒంటికి అతుక్కోవడం మొదలుపెడుతుంది. దాన్ని దుష్టత్వమని తిట్టుకోవడం కంటే ఆకలిగా గుర్తించడం సరైనది.

అడుగుకు మునిగే పాచి బిళ్లలు దుకాణాల్లో దొరుకుతాయి. వంటింట్లో దొరికేవీ పనికొస్తాయి: కీరదోస ముక్క, బీరకాయ, గుమ్మడి, పాలకూర. మెత్తబడేలా రెండు నిమిషాలు వేడినీటిలో ఉంచి, చల్లార్చి, మునగడానికి స్టీలు చెంచాకు గుచ్చి వేయవచ్చు. ఉప్పు, నూనె తగలకూడదు. కూరగాయల మీద చల్లిన పురుగు మందు చేపలకు ప్రాణాంతకం కాబట్టి బాగా కడిగి, తొక్క తీసి వేయడం నయం. దీపం ఆర్పిన తర్వాతే వేయాలి, లేకపోతే పగటి చేపలు ముందే దోచుకుంటాయి. తెల్లారాక మిగిలినదాన్ని తీసేయాలి. మరిచిపోతే అది కుళ్లి, మళ్లీ అమ్మోనియా, మళ్లీ నైట్రేట్.

దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. కిటికీ ఎండ నేరుగా పడే చోట ట్యాంక్ పెడితే ఎన్ని చేపలు తెచ్చినా పాచిదే పైచేయి.

ట్యాంక్ దాటిన సక్కర్

పెద్దదైపోయిన సక్కర్ ఫిష్‌ను చంపడానికి మనసొప్పదు. దుకాణదారు వెనక్కి తీసుకోడు. చెరువులో వదిలితే బతుకుతుందిలే అన్నది జాలితో తీసుకునే నిర్ణయమే. అది బతుకుతుంది కూడా. ఒళ్లంతా ఎముక పలకల కవచం, రెక్కల్లో గట్టి ముళ్లు ఉన్న ఈ చేపను మింగగలిగే శత్రువులు మన నీళ్లలో తక్కువ. నీటిలో ఆక్సిజన్ తగ్గితే పైకి వచ్చి గాలి మింగి పొట్ట ద్వారా పీల్చుకుంటుంది. నీటి బయట కూడా గంటల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. గుడ్లు పెట్టడానికి గట్లలో లోతైన బొరియలు తవ్వుతుంది, మగచేప వాటికి కాపలా ఉంటుంది. చెరువు గట్లు ఆ బొరియలతో గుల్లబారతాయి.

కేరళ, తమిళనాడు, పశ్చిమ బెంగాల్, బిహార్ నీళ్లలో ఈ చేపలు స్థిరపడ్డాయి. 2020లో వారణాసి వద్ద గంగలోనూ పట్టుబడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లోని చేపల చెరువుల్లో వీటిని డెవిల్ ఫిష్ అంటున్నారు. పెంచే చేపల మేత తినేస్తుంది, వల చింపుతుంది, సంతలో కొనేవాళ్లుండరు. మెక్సికోలోని ఇన్‌ఫియెర్నియో జలాశయంలో మత్స్యకారుల వలల్లో తిలాపియాకు బదులు ఇవే నిండి అక్కడి చేపల వేట దెబ్బతింది. బంగ్లాదేశ్ 2023లో ఈ చేపల పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించింది.

ఒక చోట ఈ చేప చేరిందో లేదో తెలుసుకోవడం తేలిక కాదు. పగలు దాక్కుంటుంది, వలకు అందదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఇందుకు ఒక దారి చూపారు. చేప ఒంటి జిగురు, మలం, రాలిన కణాల ద్వారా దాని డీఎన్ఏ నీటిలో కలుస్తూ ఉంటుంది. తూర్పు కనుమల్లోని నీటివనరుల నుంచి సేకరించిన నీళ్లను వడగట్టి, ఆ డీఎన్ఏ జాడను వెతికి చేప ఎక్కడెక్కడ పాకిందో వాళ్లు పరిశీలించారు. చేపను కంటితో చూడకుండానే, ఒక సీసా నీటితో దాని ఉనికి చెప్పే పద్ధతి ఇది. కొండల నడుమ వాగుల్లో అక్కడికే పరిమితమైన స్థానిక చేపలున్న తూర్పు కనుమలకు ఈ ముందస్తు హెచ్చరిక ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

ట్యాంక్‌కు మించి పెరిగిన చేపకు చెరువు తప్ప వేరే దారులున్నాయి. కొనేటప్పుడే వెనక్కి తీసుకుంటారా అని దుకాణంలో అడిగి పెట్టుకోవచ్చు. పెద్ద ట్యాంక్ ఉన్న అభిరుచి గల వాళ్లకు, ప్రదర్శన అక్వేరియాలకు ఇవ్వవచ్చు. ఏ దారీ లేనప్పుడు, జబ్బుపడి బాధపడుతున్న చేప విషయంలోనూ, పశువైద్యులు, మత్స్య నిపుణులు వాడే మార్గం లవంగ నూనె. అందులోని యూజెనాల్ చేపకు మత్తు ఇస్తుంది, మోతాదు పెరిగితే నొప్పి లేకుండా ప్రాణం పోతుంది. అది చేదు నిర్ణయమే, కానీ ఒక చెరువులోని చేపలన్నిటి తరఫున తీసుకునే నిర్ణయం.

ట్యాంక్ కడిగిన నీళ్లను, పారేసే మొక్కలను కాలువలో, మురుగులో కలపకూడదు. వాటిలో నత్త గుడ్లు, మొక్కల తునకలు, రోగకారకాలు ఉంటాయి. మొక్కలను ఎండబెట్టి పారేయాలి. నీళ్లను మాత్రం పెరట్లోని కరివేపాకు మొదట్లోనో బాల్కనీలోని కుండీల్లోనో పోయవచ్చు. అద్దం మీద పాచిగా మారవలసిన నైట్రేట్, భాస్వరం అందులోనే ఉన్నాయి.